మెషిన్ ఆగితే ఆపరేటర్లు ఫిట్టర్లనీ, ఫిట్టర్లు ఆపరేటర్లనీ అంటుంటే ఇద్దరికీ పై అధికారి ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: డిప్లొమా మెకానికల్ చేసి, మేడ్చల్ వైపు చిప్స్, మిక్చర్ ప్యాకెట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఏడేళ్లు మెయింటెనెన్స్‌లో ఉన్నారు. పోయిన నెల నుంచి తొమ్మిది మంది ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లతో పాటు మూడు షిఫ్టుల్లోని నలభై మంది ఆపరేటర్లను కూడా మీ కిందకే ఇచ్చారు. మెషిన్ ఆగితే "రిపేరు సరిగ్గా చేయలేదు" అని ఆపరేటర్లు, "నడపడం చేతకాదు" అని ఫిట్టర్లు. జీఎం గారు రోజూ సాయంత్రం "ఇవాళ ఎన్ని నిమిషాలు బ్రేక్‌డౌన్?" అని మాత్రమే అడుగుతారు. ఎవరి పక్షాన నిలబడాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. ముందు ఆపరేటర్ మాట వినండి, అదీ ఫిట్టర్ పక్కన ఉండగా వినండి. ఆపరేటర్ చెప్పేదంతా నిజమని కాదు. ఎనిమిది గంటలూ మెషిన్ ముందు నిలబడేది ఆ మనిషి, ఫిట్టర్ వచ్చేది ఆగిన తర్వాత. ఆగడానికి ముందు గంటలో ఏం జరిగిందో ఫిట్టర్‌కి తెలిసే దారే లేదు. అందుకే ఇప్పుడు మీ ఉద్యోగం మెషిన్లు బాగుచేయడం కాదు, ఆపరేటర్ కంటపడింది, చెవిన పడింది మెషిన్ ఆగకముందే ఫిట్టర్‌కి చేరేట్టు చూడటం. మొదటి రెండు వారాలు కొత్త ఫార్మాట్లు పెట్టొద్దు, మీటింగులు పెట్టొద్దు, ఎవర్నీ తిట్టొద్దు. షిఫ్టుకో మెషిన్ దగ్గర స్టూలు వేసుకుని కూర్చోండి చాలు.

ఇది నాకు పుస్తకంలో దొరికింది కాదు, నా తప్పు వల్ల తెలిసింది. మాది చిత్తూరు. ఐటీఐ అయ్యాక మొదట చేరింది మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, ఫిట్టర్‌గా. జూన్, జూలైల్లో తోతాపురి దిగితే గేటు బయట ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉంటాయి, రాత్రీ పగలూ లైన్ నడవాల్సిందే, పండు మన కోసం ఆగదు కదా. అలాంటి ఒక రాత్రి తొమ్మిదింటికి పల్పర్ (పండు నుంచి గుజ్జు తీసే మెషిన్) ఆపరేటర్ నన్ను పిలిచి, "తమ్ముడూ, గరగరమంటోంది, ఒకసారి చెయ్యి పెట్టి చూడు" అన్నాడు. పక్క ఊరి మనిషే, పదిహేను సీజన్లు అదే మెషిన్ మీద చేసినవాడు. నేను చెయ్యి పెట్టలేదు. "సీజన్లో ఈ శబ్దాలు మామూలే అన్నా, నడుపు" అని టీకి పోయాను. తెల్లవారుజామున మూడింటికి బేరింగ్ పట్టేసింది, షాఫ్ట్ కూడా తినేసింది. పదకొండు గంటలు లైన్ ఆగింది. పొద్దున ఎండెక్కేసరికి యార్డులో మగ్గిన కాయ నీరు కారి, పుల్లటి వాసన గేటు దాకా వచ్చింది. రిపోర్టులో మేం రాసింది రెండే ముక్కలు, "బేరింగ్ ఫెయిల్యూర్" అని. రాత్రి తొమ్మిదింటికి ఆయన అన్న మాట అందులో ఎక్కడా లేదు. నేనూ చెప్పలేదు. ఆ తర్వాత ఆ సీజన్ అయ్యేదాకా ఆయన నన్ను మళ్లీ పిలవలేదు, మెషిన్ ఎలా అరిచినా సరే. నాకు అన్నిటికంటే నష్టం అదే.

సరే, వినడం ఎలా? ఆ రెండు వారాలూ అయ్యాక ఒక్కో మెషిన్‌కి ఒక నోటుపుస్తకం పెట్టండి. (తినేవాటిలో పిన్ను పడకుండా, స్టేపుల్ పిన్నులున్నది కాకుండా దారంతో కుట్టింది పెట్టండి, పెన్ను కూడా మెటల్ డిటెక్టర్‌కి దొరికే రకం ఇవ్వండి. నేను మామూలు పుస్తకాలు పెడితే మొదటి రోజే క్వాలిటీ మేడమ్ అన్నీ ఏరుకుపోయింది, తప్పు నాదే.) అందులో మూడే గళ్లు: ఎన్నింటికి ఆగింది, ఎంతసేపు, ఏమైంది. ఏమైందన్నది ఆపరేటర్ తన మాటల్లో, తనకొచ్చిన భాషలో రాయాలి. మీ దగ్గర ఒడిశా, బీహార్ పిల్లలు తప్పకుండా ఉంటారు, హిందీలోనో ఒడియాలోనో రాయనివ్వండి, రాయడం రానివాళ్లది పక్కవాడు రాస్తాడు. "మెకానికల్ ఫాల్ట్" లాంటి మాటలు వద్దని గట్టిగా చెప్పండి. "గరగరమంది" అంటే బేరింగ్ వైపు చూస్తాం, "కీచుమంది" అంటే బెల్టు, "టకటక కొట్టుకుంటోంది" అంటే చైన్ వదులైందేమో, "బుస్సుమంటోంది" అంటే గాలి లీకు. మెకానికల్ ఫాల్ట్ అంటే ఎటు చూడాలి? ఆపరేటర్ నోట్లో ఉన్న మాటే సగం రిపేరు.

ముప్పై సెకన్లు ఆగినా రాయాలి. ఇది చాలామంది ఒప్పుకోరు, "అంత చిన్నవి కూడానా సార్" అంటారు. ఎందుకో మీ జీఎం గారికి చూపించడానికి ఒక లెక్క చెప్తాను. 480 నిమిషాల షిఫ్టులో భోజనం, టీ పోగా 450 నిమిషాలు నడవాలి అనుకుందాం. బ్రేక్‌డౌన్ రిజిస్టర్‌లో 63 నిమిషాలు ఉంది, అంటే నడిచింది 387 నిమిషాలు. నిమిషానికి 60 ప్యాకెట్ల మెషిన్, అంటే 23,220 రావాలి. కౌంటర్ చూస్తే 19,700. మిగతా 3,520 ప్యాకెట్లు ఏమయ్యాయి? 60తో భాగిస్తే దాదాపు ఇంకో గంట. ఆ గంట ఏ రిజిస్టర్‌లోనూ లేదు. ప్యాకెట్లు చేసే ఫిల్మ్ పక్కకి జరిగితే ఆపి సర్దింది, ఐ మార్క్ సెన్సర్ (ఫిల్మ్ మీది గుర్తు చూసి ఎక్కడ కోయాలో చెప్పేది) మీద మసాలా పొడి పడితే తుడిచింది, సీలు సరిగ్గా పడటం లేదని స్పీడ్ 60 నుంచి 52కి తగ్గించి నడిపింది, అన్నీ కలిపి ఆ గంట. జీఎం గారు అడుగుతున్నది 63 నిమిషాల గురించే, ఇంకో గంట ఉందని ఆయనకి తెలియదు. ఓఈఈ (మెషిన్ మొత్తం పనితనం శాతం) అని అందరూ అనేది ఇదే లెక్క: నడిచిన సమయం 86 శాతం, స్పీడ్ దాదాపు 85, మంచి ప్యాకెట్లు 98 అనుకుంటే మూడూ గుణిస్తే 72 లోపే వస్తుంది. ఆ శాతాన్ని బోర్డు మీద రాసి ఆపరేటర్లను బెదిరించకండి, ఆ దాగిన గంట ఎక్కడ పోతోందో చూడటానికి వాడండి, అంతే.

ఆగిందని చెప్పినవాణ్ణి ఎప్పుడూ శిక్షించొద్దు. దీని మీద నేను కొంచెం మొండిగా ఉంటాను, కారణం ఉంది. నేను తర్వాత చేసిన ఒక స్నాక్స్ ప్లాంటులో ఏ మెషిన్ ఎన్ని నిమిషాలు ఆగిందో ఆపరేటర్ పేరుతో సహా బోర్డు మీద రాసేవాళ్లు. నెలాఖరుకి తక్కువ నిమిషాలున్నవాళ్లకి బహుమతి. వినడానికి బాగానే ఉంది. ఒకరోజు సెకండ్ షిఫ్టులో ఒక కుర్రాడు, ఇరవై రెండేళ్లుంటాయేమో, సీలింగ్ జాస్ (ప్యాకెట్‌ని వేడితో నొక్కి అతికించే దవడలు) మధ్య ఇరుక్కున్న ఫిల్మ్ ముక్కని మెషిన్ ఆపకుండానే లాగబోయాడు. గార్డు తలుపు స్విచ్‌కి ఒక అయస్కాంతం అతికించి ఉంది, తలుపు తీసినా మెషిన్ ఆగదు. రెండు వేళ్ల కొసలు కాలి, నలిగాయి. ఆ రోజు బోర్డు మీద అతని పేరు ఎదురుగా ఆగిన నిమిషాలు సున్నా. ఆ అయస్కాంతం ఎవరు పెట్టారని పెద్ద విచారణ జరిగింది, ఆ బోర్డు ఎవరు పెట్టారని మాత్రం ఎవరూ అడగలేదు. కదిలే భాగాలకి కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే చెప్పారు, తెలియనివాళ్లెవరూ లేరు. తెలిసీ తీసేస్తారు, ఎందుకంటే ఆపితే తిట్లు పడతాయి. కాబట్టి మీరు ఈ వారంలోనే ఒక టార్చి పట్టుకుని ప్రతి మెషిన్ చుట్టూ తిరిగి, ఎక్కడ స్విచ్‌కి అయస్కాంతం, టేపు, వైరు ముక్క పెట్టి బైపాస్ చేశారో చూడండి. ఎవరు పెట్టారని అడగొద్దు. ఎందుకు పెట్టాల్సి వచ్చిందని అడగండి, అక్కడ ఒక నిజమైన రిపేరు దొరుకుతుంది.

బైపాస్ అంటే గుర్తొచ్చింది, ఇది కూడా చెప్పాలి. అదే ప్లాంటులో మూడో నంబరు ప్యాకింగ్ మెషిన్‌లో నైట్ షిఫ్టులో మాత్రమే లీకు ప్యాకెట్లు వచ్చేవి. చిప్స్‌కి లీకంటే తెలుసు కదా, లోపలి నైట్రోజన్ పోతుంది, వానాకాలమైతే వారానికే మెత్తబడతాయి. మా ఫిట్టర్లు హీటర్లు మార్చారు, థర్మోకపుల్ మార్చారు, టెఫ్లాన్ క్లాత్ మార్చారు, చివరికి "నైట్ ఆపరేటర్ నిద్రపోతున్నాడు" అని తేల్చారు. నాకు టెన్షన్, కస్టమర్ కంప్లయింట్లు వస్తున్నాయి. మూడు రాత్రులు అక్కడే కూర్చున్నాను. మూడో రాత్రి, ప్యాకెట్లు పెట్టెల్లో సర్దే అక్క ఒకావిడ (ఆపరేటర్ కూడా కాదు, హెల్పర్) మామూలుగా అంది: "అటుపక్క వాళ్లు గాలి కొట్టడం మొదలుపెడితే ఇక్కడ సంచులు నోరు తెరుస్తాయి సార్." పక్క లైన్ వాళ్లు రాత్రి రెండింటికి క్లీనింగ్ కోసం ఎయిర్ గన్లు వాడతారు. గేజి దగ్గర నిలబడి చూశాను, 6 బార్ ఉండాల్సింది నాలుగున్నరకి పడిపోతోంది, ఆ ప్రెషర్‌కి జాస్ గట్టిగా నొక్కడం లేదు. ఐదు కంటే తగ్గితే మెషిన్‌ని ఆపడానికి ప్రెషర్ స్విచ్ ఉంది, కానీ మాటిమాటికీ ట్రిప్ అవుతోందని ఎవరో ఎలక్ట్రీషియన్ ఏనాడో దాన్ని డైరెక్ట్ చేసేశాడు. నెలన్నర నుంచి హీటర్లు మారుస్తున్నాం మేము! ఆ అక్కని అంతకు ముందు ఒక్కరూ అడగలేదు.

ఇక ఆపరేటర్ల చేత చేయించాల్సిన పని. తుడవడం, చూడటం, వదులైన బోల్టు బిగించడం, చెప్పిన చోట నూనె వేయడం, ఎయిర్ ఫిల్టర్ గిన్నెలో చేరిన నీళ్లు తీసేయడం, ఈ ఐదు చాలు. 1971లో జపాన్‌లో నిప్పాన్ డెన్సో అనే కార్ల విడిభాగాల కంపెనీకి అవార్డు వచ్చినప్పటి నుంచి టీపీఎం (టోటల్ ప్రొడక్టివ్ మెయింటెనెన్స్) అని ప్రపంచమంతా చెప్పుకునేదాంట్లో సగం ఇదే, నడిపేవాడే తన మెషిన్‌ని చూసుకోవడం. మన దగ్గర అది గోడ మీద చార్టుగా మిగిలిపోతుంది. శనివారం సాయంత్రం ఆ చార్టు చూడండి, ఏడు రోజుల టిక్కులూ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో ఉంటాయి. నేను చార్టు తీసేసి ఒక పని చేశాను. షిఫ్టు మొదట్లో పది నిమిషాలు మెషిన్ ఆపి, ఆపరేటరూ ఫిట్టరూ కలిసి తుడవడం. తుడుస్తుంటే పగిలిన బ్రాకెట్ కనపడుతుంది, వేడెక్కిన మోటారు చేతికి తగులుతుంది, ఇద్దరూ కలిసి చూశారు కాబట్టి తర్వాత నువ్వంటే నువ్వని అనుకోరు. ప్రొడక్షన్ వాళ్లు ఆ పది నిమిషాలకి గొడవ చేశారు. పైన చెప్పిన లెక్క చూపించాను, నెల తర్వాత ఎవరూ అడగలేదు. కరెంటు ప్యానెల్ తెరవడం, సేఫ్టీ స్విచ్ ముట్టుకోవడం, పీఎల్‌సీలో (మెషిన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్) సెట్టింగులు మార్చడం మాత్రం ఆపరేటర్‌కి ఎంత తెలివున్నా ఇవ్వొద్దు.

ఫుడ్ ఫ్యాక్టరీ కాబట్టి ఇంకో మూడు సంగతులు, వేరే ఫ్యాక్టరీల నుంచి వచ్చిన ఫిట్టర్లకి ఇవి ఎక్కవు.

రిపేరు అయిందంటే బోల్టు బిగించినప్పుడు కాదు, లెక్క సరిపోయినప్పుడు. తీసుకెళ్లిన స్పానర్లు, బోల్టులు, వాషర్లు వెళ్లేటప్పుడు ఎన్ని, వచ్చేటప్పుడు ఎన్ని అని పలక మీద రాయాలి. మా దగ్గర ఒకసారి ఒక 6 ఎంఎం వాషర్ లెక్క తగ్గింది. "మెటల్ డిటెక్టర్ ఉంది కదా సార్, పట్టుకుంటుంది" అన్నాడు ఫిట్టర్. డిటెక్టర్ ఆఖరి కాపలా మాత్రమే, దాన్ని నమ్ముకుని ముందు తలుపులు బార్లా తెరిచిపెట్టుకుంటామా? లైన్ ఆపి నలభై నిమిషాలు వెతికాం. చివరికి ఆ ఫిట్టర్ ప్యాంటు మడతలోనే దొరికింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, కానీ ఆపినందుకు ఎవరూ ఏమీ అనలేదు. రిపేరు తర్వాత మెషిన్‌ని ఫిట్టర్ తనంతట తాను స్టార్ట్ చేయకూడదు. ఆపరేటర్ చూసి, క్లీనింగ్ చేయించి, క్వాలిటీ వాళ్లు సరేనన్నాకే.

గ్రీజు: తినే పదార్థానికి తగిలే అవకాశమున్న చోట హెచ్1 రకం ఫుడ్ గ్రేడ్‌ది, మిగతా చోట మామూలుది. రెండూ ఒకే గన్నులో నింపే అలవాటు ఉంటే ఇవాళే మాన్పించండి, గన్నులకి వేర్వేరు రంగులు వేయండి.

మూడోది, దీన్ని ఎవరూ పట్టించుకోరు: క్లీనింగ్. మీ రిజిస్టర్‌లో సోమవారం మొదటి షిఫ్టు బ్రేక్‌డౌన్లు విడిగా లెక్కేయండి. ఆదివారం ఫ్రైయర్‌ని (చిప్స్ వేయించే మెషిన్) కాస్టిక్ సోడాతో ఉడకబెట్టి, పైపు పెట్టి అంతా కడుగుతారు, మోటారు మీద, సెన్సర్ మీద, ప్యానెల్ తలుపు సందులో నీళ్లు కొడతారు. సోమవారం పొద్దున సెన్సర్ పనిచేయదు, మధ్యాహ్నం దాకా ఎలక్ట్రీషియన్ వైర్లు పట్టుకుని తిరుగుతుంటాడు. కడిగేవాళ్లు కాంట్రాక్టు మనుషులు, మీ నలభై మందిలో లేరు, తొమ్మిది మందిలో లేరు, వాళ్లకి ఎవరూ ఏమీ చెప్పరు. ఒక ఆదివారం వెళ్లి వాళ్లతో పాటు ఉండండి. ఎక్కడెక్కడ కవరు కట్టాలో ఎర్ర రంగు వేసి చూపించండి. సోమవారం షిఫ్టుకి గంట ముందు ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఖాళీగా నడిపి చూడమనండి. నాకు మొదటి మూడు నెలల్లో ఎక్కువ ఫలితం కనపడింది ఈ ఒక్క పనిలోనే, దీనికి ఖర్చయింది పాలిథిన్ కవర్లూ ఒక డబ్బా పెయింటూ.

ఇంతసేపూ ఆపరేటర్ల వైపే మాట్లాడాను, ఫిట్టర్ల బాధ కూడా ఉంది. స్టోర్‌లో స్పేరు ఉండదు, రెండు వందల రూపాయల ఓ-రింగ్ (లీకు ఆపే రబ్బరు రింగు) కోసం మూడు సంతకాలు కావాలి, దానికి ఆలస్యమైతే "మెయింటెనెన్స్ డిలే" అని వాళ్ల పేరు మీదే రాస్తారు. మీరు పుస్తకంలో నాలుగో గడి ఒకటి పెట్టండి, స్పేరు కోసం ఆగిన సమయం విడిగా రాయండి, ఆ కాగితం జీఎం గారికి మీరే తీసుకెళ్లండి. మీ ఫిట్టర్లు మిమ్మల్ని నమ్మేది ఆ రోజు.

మీ విషయంలో నాకు అన్నిటికంటే భయం ఒకటుంది, ఏడేళ్లు స్పానర్ పట్టిన చెయ్యి ఊరుకోదు. మెషిన్ ఆగగానే మీరే ముందు దూరిపోతారు. దూరితే మీ దగ్గర ఫిట్టర్లు పదిమంది అవుతారు, ఇన్‌చార్జి ఉండడు. నైట్‌లో మనిషి లేకపోతే సరే, పట్టండి. మిగతా రోజుల్లో చేతులు వెనక్కి కట్టుకుని, "నీకేమనిపిస్తోంది?" అని అడిగి ఊరుకోండి. కష్టంగానే ఉంటుంది, నాకు రెండేళ్లు పట్టింది. నిన్నటిదాకా పక్కన కూర్చుని టిఫిన్ తిన్నవాళ్లు ఇవాళ "సార్" అనడానికి ఇబ్బంది పడతారు, అననివ్వకండి, పేరుతోనే పిలవమనండి. వయసులో పెద్ద ఆపరేటర్లను మీరు మాత్రం "అన్నా", "అక్కా" అనే పిలవండి, తప్పు చెప్పాల్సి వస్తే లైన్ మీద కాదు, పక్కకి పిలిచి చెప్పండి.

షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్ ఆఫీసులో వద్దు, మెషిన్ ముందే పెట్టండి. పోయే ఆపరేటర్, వచ్చే ఆపరేటర్, షిఫ్ట్ ఫిట్టర్, ముగ్గురూ ఐదు నిమిషాలు. పుస్తకంలో చివరి పేజీ పైకి చదివితే చాలు.

మీ ఫ్రైయర్ ఆగకుండా నడిచేదా, బ్యాచ్ రకమా, ప్యాకింగ్ మెషిన్లు ఎన్ని, అన్నీ ఒకే కంపెనీవా అన్నది మీరు రాయలేదు. అది చెప్తే స్టోర్‌లో ఏ స్పేర్లు ఎప్పుడూ ఉండాలో కింద కామెంట్‌లో రాస్తాను. పుస్తకం పెట్టిన రెండు వారాల్లో అందులో ఎక్కువసార్లు వచ్చిన మాట ఏమిటో కూడా చెప్పండి, "గరగర"నా, "బుస్సు"నా, ఇంకేమైనానా.